దీపం ఆరితే

రెండో షిఫ్టు దిగి నాయిన ఇంటికొచ్చేసరికి
పన్నెండు దాటింది.
మందమర్రి క్వార్టర్ వంటింట్ల
లెక్కల గైడు ముందటేసుకొని
అదే లెక్క నాలుగోసారి తప్పు చేస్తున్న.
చెయ్యి వణికి
సున్నా మూసుకుంటలేదు.

తెల్లారితే పదో తరగతి పరీక్ష.
ఎవరన్న ఏమన్న అన్నరా అంటే
ఎవరూ ఏమనలేదు.
అనకపోవుడే బరువు.
ఎదురింటి స్రవంతికి నిరుడు తొమ్మిది పాయింట్ ఎనిమిది.
ఆ చుక్క వచ్చి మా వాకిట్ల పడ్డది,
ఎంత ఊడ్చినా పోలేదు.

నాయిన మొఖం కడుక్కున్నడు.
ఎంత కడిగినా కండ్ల అంచుకు బొగ్గు
కాటుక లెక్క మిగులుతది.
అన్నం పెట్టుకోలేదు,
నా ఎదురుంగ నేల మీద కూసున్నడు.
ఎందుకు ఏడుస్తున్నవని అడగలేదు.
"దమ్ము ఏడ ఆగింది?" అన్నడు.

నాకు తెల్వలేదు.
దేవులాడితే గొంతు కింద దొరికింది,
లోపటికి రాక, వెనకకు పోక
తలుపు కాడ నిలవడ్డ చుట్టం లెక్క.

"బాయిల దిగిన కొత్తల
నా టోపి దీపం ఆరింది బిడ్డా.
భూమి కింది చీకటి అమాస గాదు,
అమాసకు చుక్కలుంటయి.
ఆడ నీ చెయ్యి నీకే కానరాదు.
ఉరకబోయిన.
సర్దార్ ఓదెలు చీకట్లకెల్లే అన్నడు:
ఉరికినోడే తల పగులగొట్టుకుంటడు, కూసో.

కూసున్న.
చెయ్యి గోడకు ఆనియ్యిమన్నడు. సల్లగుంది.
ఏం ఇనవడుతుందన్నడు.
ఏం లేదన్న.
మళ్ల ఇనుమన్నడు.
నీళ్లు కారుతున్నయి. దూరంగ బెల్టు తిరుగుతుంది.
ఎవడో దగ్గుతుండు.
అండ్ల నా దమ్ము, ఉరికొచ్చిన కుక్క దమ్ము.
దాన్ని ఆపకు, పక్కన కూసో అన్నడు.
గుంజేటప్పుడు నాలుగు లెక్కవెట్టు,
ఇడిసేటప్పుడు ఆరు."

చీకటి పోయిందా నాయినా?

"ఏడికి పోతది?
దీపం తెచ్చేదాక ఆడనే ఉంది.
నేను గూడ ఆడనే ఉన్న.
గంతే."

ఇద్దరం కూసున్నం.
ఫ్రిజ్ గురగుర. అవ్వ గురక.
అవతల బంకర్ కింద వ్యాగన్లు ఒకదాన్నొకటి తాకే సప్పుడు.
నాలుగు. ఆరు.
ఎప్పుడు నిద్రవోయిన్నో యాదిలేదు.
పొద్దుగాల గైడు మూసి ఉంది,
దాని మీద నాయిన టిఫిన్ డబ్బా.

పరీక్ష హాల్ల మూడో ప్రశ్న కాడ దీపం ఆరింది.
నేర్చుకున్నయన్నీ ఒక్కపారే.
ఉరకబోయి, ఆగి,
అరచెయ్యి బల్లకు ఆనిచ్చిన.
ఎవరో కంపాసు మొనతోటి చెక్కిన పేరు
ఏళ్లకు తగిలింది: 'సమ్మి'.
ఫ్యాన్ మూడు సుట్లకోసారి టక్కుమంటుంది.
పక్క బెంచి పిల్ల గాజులు. సారు చెప్పులు.
నాలుగు. ఆరు.
మూడో ప్రశ్న అప్పటికీ రాలేదు.
నాలుగోది మాత్రం ఆడనే ఉంది,
ఎప్పటిసందో ఎదురుచూసినట్టు.

ఎన్ని మార్కులొచ్చినయని అడుగుతరు,
అందరూ అదే అడుగుతరు.
సున్నా మూసుకున్నది,
నాకు గది యాదున్నది.

ఇప్పుడు నేను లెక్కలే చెప్తున్న.
మార్చి వచ్చిందంటే ఆఖరి పీరియడ్
సుద్దముక్క పక్కన పెట్టి కూసోవెడుత పిల్లలను.
ముందుగాల కిసకిస నవ్వుతరు.
ఇది యోగానా మేడం అని అడిగింది వెన్నెల.
కాదే, బాయి పని అన్న.

నాయిన దిగిపోయి మూడేండ్లాయె.
ఇప్పుడాయన దమ్ము నాలుగు దాక పోదు,
మూడు కాన్నే దగ్గు అడ్డం పడుతది.
ఫోన్ల మాత్రం ప్రతి మార్చి అదే మాట,
"పిల్లలు కూసుంటున్నరా?"

కూసుంటున్నరు.
కండ్లు మూసుకోనోడు ఒక్కడున్నడు, తరుణ్.
మూస్తే ప్రశ్నలే కానవడుతయట.
మూయకురా అన్న,
తెరుసుకొనే కూసో.
చెయ్యి మాత్రం బల్ల మీద పెట్టు.