నాలుగు వేళ్ల ఆట

స్టీరింగ్‌కీ చక్రానికీ మధ్య
నాలుగు వేళ్ల ఆట.
ఇటు తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని
అప్పుడు తిరిగేది.
సైదాపురం తోటల్లో నిమ్మ బస్తాలెత్తుకుని
గూడూరు మార్కెట్టుకు దిగే దోవంతా
ఎడమ మార్జిను మీదే దాని మనసు.

నేను రోడ్డును తిట్టాను.
టైర్లమ్మినవాణ్ణి తిట్టాను.
బస్తాలన్నీ ఒక పక్కకే సర్దాడని
లోడెత్తే వెంగయ్యను తిట్టాను.

కాలేషా ఎవర్నీ తిట్టలేదు.
బండిని జాకీ మీద లేపి
చక్రాన్ని పైనా కిందా పట్టుకు ఊపాడు: టక్కుమంది.
పక్కలు పట్టుకు ఊపాడు: టకటకమంది.
"ముందుది బాల్ జాయింటు మాట,
తర్వాతది టైరాడ్ ఎండు మాట.
వదులు, అంతా వదులు.
ఇంత గట్టిగా మాట్లాడుతుంటే
ఎన్నాళ్లబట్టి ఇనలేదు చెంచయ్యా?"

ఏం చెప్పను.
పాటలు పెట్టుకునేవాణ్ణి.
చప్పుడు పెరిగినప్పుడల్లా
పాట పెంచేవాణ్ణి.

రబ్బరు బూటు చినిగి
గ్రీజు బయటికీ, దుమ్ము లోపలికీ.
వేలితో గీకి చూపించాడు,
నల్లటి జిడ్డులో తళుకులు.
అబ్రకం.
మా నాయన దిగిన గని మూతపడి ఎన్నేళ్లో అయినా
మా రోడ్డు ఇంకా మెరుస్తూనే ఉంది
ఆయన చొక్కా కాలరు మెరిసినట్టు.
ఆయన దగ్గులో కూడా ఇదే ఉండిందేమో.

గుండ్రంగా ఉండాల్సిన ఇనప గుండు
పిండేసిన నిమ్మచెక్కలా ఒక పక్క నొక్కుకుపోయింది.
తిన్నది అరగడం లేదని
నేను రోజూ సోడా తాగుతుంటే
నా కాళ్ల కింద ఇనుము
ఎవరికీ చెప్పకుండా అరుగుతోంది.

"డూప్లికేటు సగానికే వస్తుందంట," అన్నాను.
కాలేషా స్పానరు కింద పెట్టాడు.
"బ్రేకు పోతే
ఏ గట్టుకో ఆనించి ఆపుకుంటావు.
ఇది ఊడితే
ఏ గట్టో ఎంచుకునే పని కూడా నీకుండదు."
టైరు కోసం దాచిన డబ్బు తీశాను.
టైరు ఇంకో నెల బోడిగానే తిరుగుతుంది.

కాటర్ పిన్ను విరిగింది. నట్టు మొరాయించింది.
సుత్తి రెండు దెబ్బలకు కదల్లేదు,
మూడో దెబ్బకు దడాలున రాలింది.
టైరాడ్ ఎండు విప్పుతూ
చుట్లు పైకే లెక్కపెట్టాడు కాలేషా.
పదకొండు దగ్గర కమీషన్ కొట్టు నుంచి నాకు ఫోను:
"లారీ ఆగదు, ఎక్కడ చచ్చావు?"
నా అరుపుల్లో అతని లెక్క పోయిందనుకున్నా.
పోలేదు.
కుర్రాడు దస్తగిరి మడ్‌గార్డు మీద
సుద్దతో గీతలు గీస్తూ ఉన్నాడు. పదిహేడు.
కొత్తదీ పదిహేడు చుట్లకే బిగిసింది.

ఆఖరున పూలు కట్టే దారం.
వెనక చక్రం నుంచి ముందు చక్రానికి లాగి
ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి
"అగ్గిపుల్ల మందం లోపలికి" అన్నాడు.
అంతే, కంప్యూటరూ గింప్యూటరూ లేదు.

పొద్దుగూకేళ, ఖాళీ బండి, చిల్లకూరు వైపు హైవే.
పక్కన కాలేషా.
బండి డివైడరు మీదికి పోబోయింది.
"ఏందబ్బా, ఇప్పుడు కుడికి లాగతా ఉండాది!"
అతను రోడ్డు చూడలేదు, నా చేతులు చూశాడు.
"బండి కాదు. వదులు."

వదిలాను.
సుద్దగీత గీసినట్టు పోయింది.

ఎనిమిది నెలలు ఎడమను ఆపీ ఆపీ
నా కుడిభుజం
లేని వంకరను ఇంకా సరిచేస్తూనే ఉంది.
పొద్దున బండికి వదులని జబ్బు చెప్పిన నోరే
సాయంత్రం వదులని నాకు మందు చెప్పింది.
భుజానికి జాకీ లేదు,
దారం పట్టి చూసేవాడూ లేడు.
నిద్రలో కూడా దుప్పటిని కుడికే లాగుతున్నానని
ఇంట్లో సుబ్బరత్తమ్మ ఎప్పుడో చెప్పింది,
అదీ ఇనలేదు.

అరిగిన బాల్ జాయింటు పారేయలేదు.
డాష్‌బోర్డు మీద ఉంది.
పొదలకూరు మలుపుల్లో అటూ ఇటూ దొర్లుతుంది.
అది దొర్లినప్పుడు
పాట ఆపేసి
వింటున్నా.