ఏప్రిల్ ఆరు, నాలుగు లైన్లు

రాత్రి పదకొండయ్యాక
పేజీ అంతా సర్దేసి, ఎడమ మూల
అగ్గిపెట్టెంత చోటు నాకు వదుల్తారు:
'చరిత్రలో ఈ రోజు'.
పంతొమ్మిదేళ్ళుగా నేను దున్నుకునే మడిచెక్క అదొక్కటే.

రేపు ఏప్రిల్ ఆరు.
ఏథెన్సులో పరుగుపందేలు మళ్ళీ మొదలైన రోజు.
మంచులో ఒకడు నిలబడి ఇదే ఉత్తర ధ్రువమన్న రోజు
(కాదన్నవాళ్ళు ఇంకా కాదంటూనే ఉన్నారు).
దండి ఒడ్డున పిడికెడు ఉప్పు నేరమైన రోజు.
నాలుగోది మాది:
పంతొమ్మిది వందల నలభై రెండు, సోమవారం,
విశాఖ హార్బరు మీద జపాను విమానాలు.

ఏటేటా నాలుగోదే ఎగిరిపోతుంది.
డాబాగార్డెన్స్ నగల షాపువాళ్ళు
ఒక్క అంగుళం ఎక్కువ అడుగుతారు.
"ఊళ్ళో సంగతి ఊరివాళ్ళకి తెలీదా, కొట్టెయ్"
అంటాడు డెస్కులో భుజంగం.
కొట్టేస్తాను.
మీట నొక్కితే చప్పుడేం ఉండదు.

నిరుడు జూన్లో
ఆశీలుమెట్ట ఆఫీసు మెట్లమీద ఒక ముసలమ్మ.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, సంచిలో కాగితాలు,
కాగితాలకి ఎండుచేపల వాసన.
మైలపల్లి ఎర్రయ్యమ్మ, పెదజాలారిపేట.
పూర్ణా మార్కెట్లో గంప దించి యాభై ఏళ్ళు.

"ఓలమ్మా, పాత తేదీలు రాసే గుంటవి నువ్వేనా?
నానేనాడు పుట్టినానో కాయితం మీద రాసియ్యి తల్లీ.
పింఛనీ గుంటడు అడుగుతున్నాడు."

ఏ రోజు పుట్టావమ్మా?

"బాంబులేసిన్నాడు."

అదేదో వారం పేరైనట్టు
అని ఊరుకుంది.

కాసేపాగి తనే అందుకుంది:
"ఊరూరంతా మూటలెత్తుకుని
సింహాచలం దిక్కు పారిపోతంటే
మాయమ్మకి నొప్పులట. కదల్లేదట.
మాయయ్య తెప్ప మీదున్నాడు.
కొండవతల్నించి ఏవో పిట్టలొస్తన్నాయనుకున్నాడట.
ఆనాడే ఒలనిండా కవ్వళ్ళు పడ్డాయి.
ఒడ్డుకొస్తే కొనీవోడు లేడు.
ఏటి సేస్తాడు, ఇసకలో ఎండేసినాడు.
నన్నూ ఆ పక్కనే పడుకోబెట్టినారట.
ఈ వాసన అప్పట్నించీ పోలేదు."

రేషన్ కార్డులో ఒక వయసు, ఆధార్లో ఇంకొకటి.
రెండూ కలవక పింఛను ఆగింది.
ఆధార్లో ఆమె జనవరి ఒకటిన పుట్టింది.
తేదీ తెలియనివాళ్ళకి కంప్యూటరు పంచే తేదీ అది.
పోర్టులో బొగ్గు మోసినవాళ్ళు,
ఏజెన్సీ నుంచి అడ్డాకులు దింపినవాళ్ళు,
సారా కేసుల్లో వేలిముద్రలేసినవాళ్ళు,
వీధులూడ్చినవాళ్ళు,
అందరూ ఒకే పొద్దున భూమ్మీద పడ్డారు.
ఎంత పెద్ద రోజో అది!
నా నోటుబుక్కులో జనవరి ఒకటి కింద
వాళ్ళలో ఒక్కరూ లేరు.

పాత ఫైళ్ళు దులిపాను.
పంతొమ్మిది ఏప్రిల్ ఆరుల్లో ఒక్కసారే
నాలుగు లైన్లూ అచ్చయ్యాయి.
లాక్‌డౌన్ ఏడు.
నగల షాపుకి తాళం, పేజీ నిండా ఖాళీ.
ఆ కాగితం జిరాక్సు తీసి ఇచ్చాను.
కొంగున ముడేసుకుంది.
టీ తాగమంటే,
గంప పక్కావిడకి అప్పజెప్పి వచ్చానంటూ వెళ్ళిపోయింది.

వారానికి మళ్ళీ వచ్చింది.
కోపం లేదు. నవ్వింది కూడా.
"ఇందులో యుద్ధం ఉంది గానీ
నీ పేరేదీ అనడిగినాడు తల్లీ."

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.
ఇప్పటికీ లేదు.

ఈ రాత్రి నగల షాపువాళ్ళు
మామూలుగానే అంగుళం అడిగారు.
ఉప్పు మీద చెయ్యెయ్యలేదు.
ఏథెన్సుని ముట్టుకోలేదు.
ఉత్తర ధ్రువాన్ని కొట్టేశాను.
కాదన్నవాళ్ళు ఉండనే ఉన్నారు కదా.

ఆ చోట్లో విశాఖ మీద విమానాలు వచ్చి చేరాయి.
ఇంకా పదకొండు అక్షరాల జాగా మిగిలింది.
వేళ్ళమీద లెక్కపెట్టుకుని చూశాను.
ఎర్రయ్యమ్మ జననం.
సరిగ్గా పట్టదు, పట్టకా పోదు.
కాస్త ఇరికించాలి.

కింద ప్రెస్సు వేడెక్కుతోంది.
భుజంగం ఇంకా టీ బండి దగ్గరే ఉన్నాడు.