ఒక బకెట్ బూడిద

శనివారం శనివారం విబెకె వస్తుంది,
సైకిలు వెనక రేకు బకెట్ కట్టుకుని.
చేపలు కొనదు. హెర్రింగ్ వాసనే పడదు తనకి.
నా పొయ్యిల అడుగున మిగిలింది కావాలి:
ఆల్డర్ కట్టెల బూడిద,
మెత్తనిది, వాన తగలనిది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నా బతుకంతా ఆ నిప్పు నెత్తి మీద
తడి గోనెపట్టాతో కొట్టి
పొగని మాత్రం చేపల మీదికి పంపడం.
తనకేమో మంట కావాలి.
పొగ అక్కర్లేదా అంటే
"చివర్లో, కాస్త" అంది.

చలికాలం స్వానెకెలో అన్నీ మూసేస్తారు.
తోచక వెళ్లి కూర్చునేవాణ్ణి
తన షెడ్డులో, పెయింటు డబ్బా మీద.
చక్రం లేదక్కడ.
"తిరిగేదాన్ని చూస్తే కళ్లు తిరుగుతాయి" అనేది.
అబద్ధమే అనుకుంటా.
మట్టిని బల్లకేసి కొట్టేది
పాత తగాదా తీర్చుకుంటున్నట్టు.
ఒక్క గాలిబుడగ దాక్కున్నా
ఆవంలో అదే నోరు విప్పుతుందిట.
ఆ తర్వాత అరచేతుల కింద తాడు,
తాడు మీద తాడు, చుట్ట చుట్టుకుంటూ
మోకాలెత్తు జాడీ.
రోజుకి నాలుగు వేళ్ల ఎత్తే.
"ఇంకాస్త పెంచరాదా?"
"కింది మట్టి ఇంకా మొయ్యలేదు" అని
తడిగుడ్డ కప్పి దీపమార్పేది.
మెడ దగ్గర బొటనవేలి గుంటలు వరసగా.
తుడవదు.

మొదటి కాల్పు అయ్యాక
నాలిక ఆనించి చూడమంది.
అంటుకుపోయింది. అంత దాహం దానికి.

బూడిదలో పోసిన పన్నీరంటారు కదా,
తను పోసేది కుళాయి నీళ్లు, ఏడుసార్లు.
తేరిన నీళ్లు సబ్బులా జారుతూ చర్మాన్ని తినేస్తాయి.
నన్ను తొడుగులు వేసుకోమని తిట్టి
తను ఉత్త చేతులు ముంచేది.
జల్లెడ పట్టి, ఫెల్డ్‌స్పార్ కలిపి,
చిక్కటి మజ్జిగలా అయ్యాక
గరిటెతో జాడీ మీద పోసింది.
ఆరాక చూస్తే సున్నం కొట్టిన గోడ.

ఇక్కడొక మాట చెప్పాలి.
ఆ నవంబరు బకెట్‌లో ఆల్డర్ ఒక్కటే లేదు.
మా అన్న మోగెన్స్ పడవ
రెండేళ్లు ఒడ్డున బోర్లా పడుంది. ఎవరూ కొనలేదు.
ఒక రాత్రి పలక పలకగా కోసి
చేపలు లేని వెనక పొయ్యిలో వేశాను.
ఓక్ పలకలు, రాగి మేకులు.
మేకులు ఏరాను, అన్నీ దొరకలేదు.
మిగిలినదాన్ని ఏం చెయ్యాలో తెలీక
తన బకెట్‌లో పోసేశాను.

ఆవం పద్నాలుగు గంటలు మండింది.
కంతలోంచి చూస్తే మూడు మట్టి ముళ్లు
తెల్లటి వేడిలో నిలబడి.
మొదటిది అర్ధరాత్రి తల వంచింది.
"మూడోది వంగితే లేపు" అని
తను అక్కడే, కోటు కప్పుకుని, నిద్రపోయింది.
నలభై ఏళ్లుగా మంట కనబడితే
తడిపట్టా అందుకునే నా చెయ్యి
రెండుసార్లు దానంతటదే లేచింది.
జేబులో పెట్టుకున్నాను.
తెల్లారుతుంటే మూడో ముల్లు
ముసలాడు కునుకు తీసినట్టు ఒరిగింది.
లేపాను. గాలి మూసి, పొగ ఇచ్చింది. కాస్తే.

రెండు రోజులు చల్లారాలి.
తలుపు వెనక టింగు, టింగుమని
కుండలు వాటిలో అవి మాట్లాడుకుంటూ.
తెరిచాం.
ఎప్పటి ఆకుపచ్చే, కారిన చోట తేనె.
జాడీ భుజం మీద మాత్రం
అరచేయంత ఎరుపు,
దీపానికి అడ్డం పెట్టిన చెవితమ్మె రంగు.

"ఏం కాల్చావ్?"
"ఆల్డరే."
నా మొహం చూసింది చాలాసేపు.
ఆ ఎరుపు అంచు వెంట గోరుతో నడిచి
"ఇంకో బకెట్ కావాలి" అంది.
లేదన్నాను.
ఇంకో పడవ లేదు.

ఆ జాడీ అమ్మలేదు. నాకిమ్మని నేనూ అడగలేదు.
గుమ్మం పక్కన పెట్టి గొడుగులు వేస్తుంది.
వెళ్లినప్పుడల్లా నా గొడుగూ అందులోనే,
నేను కూర్చున్నంతసేపూ
లోపలికి కారుతూ.