చిన్న గడి

యాకిమా లోయలో హాప్స్ కోతలయ్యాక
గాలికి కొన్నాళ్లు చేదు వాసన మిగులుతుంది.
ఆ వారమే అంటించారు ఆ కాగితం,
మేం టైమ్ కార్డులు కొట్టే గోడకి, రెండు గుండుసూదులతో.
బడిలో పనిచేసే సహాయకులు టీచర్లు కావచ్చట.
ఫీజు యూనివర్సిటీ కడుతుంది, పుస్తకాలు జిల్లావాళ్లు కొంటారు,
ఉద్యోగం మానక్కర్లేదు, జీతం ఆగదు.
అడుగున చీమతలకాయంత అక్షరాల్లో:
సీట్లు ఏడు.

పదకొండుమందిమి పెట్టాం దరఖాస్తు.
యులాలియాకి వచ్చింది. నాకు రాలేదు.
ఈ మాట ముందే చెప్పేస్తున్నాను,
చివర్లో చెబితే ఏడుపులా వినిపిస్తుంది.

ఆమె వంటింటి బల్ల మీద కూర్చుని కలిసే నింపాం.
అవతల పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతున్నాయి.
మూడో పేజీలో "బోధనానుభవం" అని ఒక గడి,
బొటనవేలి గోరంత.
సహాయకులుగా చేసిన ఏళ్లు లెక్కలోకి రావని
పక్కనే నియమం.

ఆమెవి పందొమ్మిదేళ్లు.
ఊడిన పాలపళ్లు రుమాల్లో చుట్టి ఇంటికి పంపిన ఏళ్లు,
ప్రిన్సిపాల్ గారి గరుకు ఇంగ్లిష్‌ని
తోటల్లోంచి పరుగెత్తుకొచ్చిన తల్లులకి
స్పానిష్‌లో మెత్తగా చేసి చెప్పిన ఏళ్లు,
కొరికిన చెయ్యిని వెనక్కి లాక్కోకుండా
కొరికిన పిల్లాణ్ణి దగ్గరికి తీసుకున్న ఏళ్లు.
పెన్ను కాసేపు గాల్లో ఆగింది.
"లేదు" అని రాసింది.
నేనూ రాశాను.
నా పదకొండేళ్లూ అందులో సుబ్బరంగా పట్టేశాయి,
ఇంకా చోటు మిగిలింది కూడా.

తర్వాత రెండు చలికాలాలు.
సాయంత్రం క్లాసుకి ముందు పార్కింగ్‌లో
ఆమె కారు హీటర్ దగ్గర చేతులు కాచుకుంటూ
అట్టముక్కల మీది ప్రశ్నలు నేను అడిగేదాన్ని.
ఒకరోజు పకపకా నవ్వింది:
"డెల్ఫీనా, పిల్లాడికి కాస్త అందించి, కాస్త వదిలేసి,
వాడంతట వాడే ఎక్కేదాకా పక్కన నిలబడతాం చూడు,
దానికి పేరుందట! పరీక్షలో ఐదు మార్కులట!"
నేనూ నవ్వాను.
ఇంటికెళ్లే దారిలో మాత్రం
కాలువ గట్టు మీద బండి ఆపుకుని కూర్చున్నాను.
ఎందుకో అడక్కండి.

ఇప్పుడు తొమ్మిదో గది తలుపు మీద ఆమె పేరుంది.
టాడియో నాకు వచ్చాడు.
వాడికి మాటలు లేవు.
నారింజ తొక్క తెగకుండా ఒకే చుట్టగా ఒలిస్తేనే
మధ్యాహ్నం ముద్ద ముడతాడు.
ఆమె పోయే ముందు నాకు నేర్పింది,
వరసగా నాలుగు రోజులు, బస్సుల వేళ దాటాక,
రెండు కిలోల కాయలతో.
"గోరు దించకు. కాయని తిప్పు, చేతిని కాదు."
తెగిన ప్రతిసారీ ఇంకో కాయ నా చేతిలో పెట్టింది,
ఒక్క మాట అనకుండా.
సర్టిఫికెట్ రాకముందు ఆమెకో విద్యార్థి ఉండేదని
ఏ యూనివర్సిటీకీ తెలీదు.

మొదటి రోజు మూడో చుట్టులో తెగింది.
టాడియో తొమ్మిదో గది వైపు చూశాడు.
నా వైపు చూశాడు.
తెగిన రెండు కొసలూ బల్ల మీద కలిపి
పైన వేలుంచి నొక్కి పట్టుకున్నాడు,
అతుక్కుంటుందేమోనని,
గంట కొట్టేదాకా.
తినలేదు.
మర్నాడూ తినలేదు.
గురువారం ఒక తొన తిన్నాడు.

గోడ మీద మళ్లీ కాగితం వచ్చింది.
ఈ ఏడు సీట్లు ఐదే.
దరఖాస్తు నా సంచిలో ఉంది, నారింజ వాసన పట్టింది.
పేరు రాశాను, చిరునామా రాశాను.
మూడో పేజీలో ఆ గడి
అంతే ఉంది, గోరంత.
నిన్న రాత్రి స్కేలు పెట్టి కొలిచాను.