డి అనే అక్షరం

డిసెంబరు, పొద్దున ఏడు. వాగుర్ రేవులో ఇంకా చీకటే.
గాలి కిటికీ చట్రాన్ని పళ్లతో పట్టి గుంజుతోంది.
పదకొండు పంజరాల్లో సాల్మన్ చేపలు
గొట్టాల కింద కాచుకుని ఉన్నాయి.
మేత పడటం లేదు.

తెర మీద ప్రాసెస్‌ల పట్టీ
మూడు సెకన్లకోసారి ఒళ్లు విదిలించుకుని
కొత్త వరసలో నిలబడుతోంది.
అన్నిటికన్నా పైన కెమెరా ప్రోగ్రాం,
తొంభై ఒక్క శాతం.
దొంగ దొరికాడనుకున్నాను.
చంపమనే ఆదేశం సగం కొట్టాను కూడా.

మోర్తన్ తన కాఫీ కప్పు తెచ్చి
నా వేళ్లకీ మీటలకీ మధ్య పెట్టాడు.
ముప్ఫై ఏళ్లు ట్రాలర్ ఇంజన్లు విన్న మనిషి.
"పనిచేసేవాడు పైకి తేలతాడు, రన్వా.
అది నేరం కాదు.
ఆ మూల మూడంకెలు చదువు."

నలభై ఒకటి. ముప్ఫై. పన్నెండు.
ఈ నిమిషానిది, అయిదు నిమిషాలది, పావుగంటది.
ఇన్నాళ్లూ వాటిని గోడ మీద మరకలా చూశాను.
"పోటు ఇంకా ఎక్కుతోంది.
కానీ నాలుగు కోర్లలో మూడు చేతులు కట్టుకు కూర్చున్నాయి.
పొయ్యి చల్లగా ఉంది, పంక్తి మాత్రం నిండింది. ఎందుకని?"

నేనెన్నడూ తాకని మీట నొక్కాడు.
పట్టీ తలకిందులైంది.
అడుగున పడి ఉన్నవన్నీ పైకొచ్చాయి:
సున్నా శాతం, సున్నా శాతం, సున్నా,
ప్రతి దాని పక్కనా డి అనే ఒక్క అక్షరం.

"ఇది కునుకు కాదు. లేపితే లేవని నిద్ర.
చంపినా చావవు.
చావు కబురు అందుకోవడానికైనా మెలకువ ఉండాలిగా."

ఇంకో మీట. వరసలు కొమ్మలయ్యాయి.
ముప్ఫై ఎనిమిదీ ఒకే తల్లి పిల్లలు,
ఒకే గుమ్మం దగ్గర ఆగినవి:
రేవుకి అవతల, ప్యాకింగ్ షెడ్డులో ఉన్న డిస్కు.

టార్చి పట్టుకుని నేనే వెళ్లాను.
కేబుల్ మెడ చుట్టూ ఉప్పు పేరుకుపోయి ఉంది.
చొక్కా అంచుతో తుడిచి, నొక్కి పెట్టాను.
చీకట్లో ఎక్కడో గొట్టం దగ్గింది,
ఆపైన నీళ్ల మీద గింజల వాన.

తిరిగొచ్చేసరికి మోర్తన్
మూడు సెకన్లని పదికి మార్చాడు.
"కాస్త ఊపిరి తీసుకోనీ దాన్ని" అన్నాడు,
నన్నో, దాన్నో.

డిలు ఒక్కటీ లేవు.
పైన మాత్రం అదే కెమెరా,
తొంభై ఏడు శాతం.
అన్ని నోళ్లూ ఒక్కసారే తెరుచుకున్నాయి మరి,
లెక్కపెట్టొద్దూ?