ఐదు గంటల బస్సు

రెండు మార్కుల్లో తప్పాను అర్థశాస్త్రం.
"తూకంలో పోనాయేటి?" అంది దాలమ్మత్త
ఎండు నెత్తళ్ళ మీద ఈగల్ని తోలుతూ.
అప్పట్నించి ప్రతి గురువారం
కాశీనగర్ సంతలో, ఆమె టార్పాలిన్ కింద,
ఉప్పుగోనె మీద నా కాలేజీ.

బడిలో చాహిదా అన్నారు, జోగాణ అన్నారు.
కాలేజీ పుస్తకం డిమాండ్ అంది, సప్లయ్ అంది.
అత్త తొమ్మిదింటికి ఒక ధర చెబుతుంది,
పదకొండుకి ఇంకోటి.
మబ్బు పడితే ఏ ధరా చెప్పదు,
మూట కట్టేస్తుంది.

ఫోన్లో వార్తలు నేను చదువుతాను.
ఎక్కడో సముద్రంలో ఓడలు చుట్టు తిరిగి పోతున్నాయని,
నూనె మీద సుంకం పెంచారని.
"అదా సంగతి," అంటుంది అత్త
ఎదురుగా పకోడీల పండా కేసి చూసి,
"నెల్నించి ఆడి పకోడీ సిక్కిపోతంది.
ధర పెరిగితే జనం అరుస్తారు.
పకోడీ సిక్కితే ఎవులరుస్తారు?"

ధాన్యానికి ఇటు బోనస్ అని మరో వార్త.
ఆ రాత్రికే వంశధార అవతలి బస్తాలకి కాళ్ళొచ్చాయి.
తెల్లారి ఇసుకలో టైర్ల గీతలు.
నా పుస్తకంలో ఏ గీతా
అంత తిన్నగా పోలేదు.

సుంబారి మాత్రం నాకు అంతుపట్టలేదు.
కొండ మీది సవర పల్లె నుంచి
చీకటుండగా బయల్దేరి చింతపండు తెస్తుంది,
గింజ తీసి, ఈనె తీసి,
అడ్డాకుల్లో ముద్దలు కట్టి.
షావుకారు సాహు పొద్దున రాడు.
మధ్యాహ్నం వస్తాడు, చూడనట్టు పోతాడు.
నాలుగున్నరకి వచ్చి నిలబడతాడు.
అతని తూకంరాయి
చేతి గడియారం.

నేను ఫోన్ చూపించాను:
"పర్లాకిమిడిలో తొంభై. ఇవ్వొద్దు."
సుంబారి నవ్వింది.
అంకె కేసి చూడలేదు, బస్సు కేసి చూసింది.
ఐదింటికి అదే ఆఖరుది.
మూటకి టికెట్టు వేరే. దిగాక నాలుగు మైళ్ళు ఎక్కుడు.
నలభై ఐదుకి ఇచ్చేసి బస్సెక్కింది.

ఆ రాత్రి పుస్తకంలో గీత
ఎడమ నుంచి కుడికి దిగుతూ ఉంటే
మొదటిసారి దాని నెత్తి మీద
మూట కనిపించింది.

పై వారం అత్తనడిగాను,
టార్పాలిన్ కింద ఆ మూల జాగా ఉంది కదా అని.
"ధర్మానికా?"
నా దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గరుంది:
వారానికి మాణెడు చింతపండు అద్దె.
ముందే కొలిపించుకుంది,
తలకొట్టి కాదు, గోపురంగా.
నాకు సిగ్గేసింది. సుంబారికి వెయ్యలేదు.
మూట మూలకి జరిపి,
ఆ వారానికి ఉప్పూ చేపా అత్త దగ్గరే అప్పు పెట్టి,
చేతులూపుకుంటూ బస్సెక్కింది.

ఆ తర్వాతి గురువారం
సాహు నాలుగున్నరకే వచ్చాడు.
సుంబారి బస్సు వైపు వీపు పెట్టి కూచుంది.
యాభై అన్నాడు. అరవై అన్నాడు.
గడియారం చూసుకున్నాడు. డెబ్బై అన్నాడు.
వంగి ఒక ముద్ద తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"నెత్తళ్ళు!"
అరవై నాలుగుకి తెగింది.

ఆ పోయిన ఆరు ఎవరి ఖాతా?
నేను పుస్తకం తెరవబోయాను.
సుంబారి చెయ్యి చాచి
అద్దె మాణంలోంచి రెండు గుప్పిళ్ళు
వెనక్కి తీసుకుంది.
అత్త చూసింది.
ఈగల్ని తోలుకుంది.

మళ్ళీ రాసిన పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది:
ఒకరి వ్యాపారం పక్కవాళ్ళ మీద పడితే
దాన్నేమందురు? ఉదాహరణతో వివరింపుము.
మూడు పేజీలు రాశాను, ఇంకో కాయితం అడిగాను.
దాన్నేమంటారో మాత్రం
ఎంతకీ గుర్తు రాలేదు.
వేళ్ళు వాసన చూసుకుంటూ కూచున్నాను
గంట కొట్టేదాకా.