వూండ్, వౌండ్

నయీంనగర్ల, జిరాక్స్ సెంటర్ మీద
రేకుల గదిల సాయంత్రం క్లాసు.
బోర్డు మీద రాసిన:
డబ్ల్యూ, ఓ, యూ, ఎన్, డీ.
గాయమైతే వూండ్. చుట్టినమంటే వౌండ్.
అక్షరాలు అవే, నోరు మారుతది.

బీటెక్ పోరగాండ్లు ఫోన్ల ఫోటో తీసుకున్నరు.
ఆడెపు సుగుణమ్మ ఒక్కతే చెయ్యెత్తింది.
యాభై దాటిన మనిషి,
గీసుగొండ దిక్కు కొత్త బట్టల మిల్లుల
సూపర్‌వైజర్ పరీక్షకని వస్తది.
"మరి కాయితం మీద సూడంగనే
ఏదని ఎట్ల ఎరుకైతది సారూ?"

పక్క మాటను చూడాలె, అని చెప్పిన.
గైడుల ఉన్నదే చెప్పిన.

ఆమె చూపుడు వేలు చాపింది.
మొదటి కణుపు కాడ సన్నటి గీత,
సుద్దముక్కతోని గీసినట్టు తెల్లగ.
"వైండింగ్ సెక్షన్ల పదకొండేండ్లు.
బాబిన్‌కు దారం ఎక్కుతుంటే ఈ వేలే ఆసరా.
చుట్టుకుంటనే కోస్తది సారూ,
నడుమ పక్క మాట ఏడున్నది?"

పోరగాండ్లు నవ్విన్రు.
నేను డస్టర్ పట్టుకొని నిలబడ్డ.

మడికొండ బడిల తెలుగు మీడియం నాది.
రాసింది రాసినట్టు చదివితే చాలు,
అక్షరం మాట తప్పదనుకున్న.
ఒకపాలి ఇంటర్వ్యూల
మైన్యూట్ తేడా అనాల్సిన కాడ
మినిట్ తేడా అన్న.
ముగ్గురూ గడియారం చూసుకున్నరు.

సుగుణమ్మ నోట్సుల పేజీ తిప్పింది.
సీ, ఎల్, ఓ, ఎస్, ఈ.
"ఇది నాకెరుకే.
మిల్లు గేటుకేసిన బోర్డు మీద చదివిన,
చివర డీ ఒకటి ఎక్కువుండె.
ఇంగ్లీషుల నేను కూడబలుక్కున్న మొదటి మాట.
క్లోజ్."

దగ్గర అనేతందుకు క్లోస్ అనాలమ్మా,
చివర గొంతు గుంజొద్దు, గాలి ఇడువాలె.
క్లోస్, అన్నది.
ఇంకోసారి, మెల్లగ, క్లోస్.
పండ్ల సందున దారం కొరికినట్టు.
"గేటుకు మా ఇల్లు నూరడుగులే.
అయితే ఆ బోర్డు
రెండు తీర్లా నిజమే చెప్పె."

పరీక్ష ఆదివారం. ఫీజు బాకీ మున్నూరు
లెక్కవెట్టి బల్ల మీద పెట్టింది.
చిల్లర కోసం నేను దేవులాడుతుంటే
అప్పటికే మెట్ల మీద ఉన్నది.

"వస్త సారూ" అనుకుంట పోయింది.
పోతున్నదని అర్థమయ్యేతందుకు
నాకు ఏ పక్క మాటా అక్కర రాలే.